డిస్క్ కొనాలా, డౌన్‌లోడ్ కొనాలా? ఒక్కో గేమ్‌కీ తేల్చుకునే పద్ధతి

పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్తే, మీరు కొంటున్నది ఆ గేమ్‌కి లైసెన్సు మాత్రమేనని చెప్పే చిన్న మాట ఒకటి కనిపిస్తుంది. 2024 అక్టోబరులో దాన్ని అక్కడ చేర్చారు. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు ఈ సంగతి కొనేవాళ్లకి తెలియజేయాలని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమలవుతోంది. అంతకుముందు అమ్మిందీ లైసెన్సే, చెప్పడం మాత్రం ఇప్పుడు మొదలైంది. అంటే ఆ గేమ్ మీ అకౌంట్‌కి కట్టుబడి ఉంటుంది. ఆడేశాక ఇంకొకరికి అమ్మలేరు, తమ్ముడి పేరు మీదకి మార్చలేరు, అకౌంట్ పోతే గేమ్ కూడా పోతుంది. బదులుగా మీకు దక్కేవి కూడా చిన్నవి కావు: గీతలు పడే డిస్క్ ఉండదు, అర్ధరాత్రి విడుదలైన గేమ్ అర్ధరాత్రే ఆడొచ్చు, సేల్‌లో సగం ధరకో పావు ధరకో దొరుకుతుంది, కంప్యూటర్ మార్చినా లైబ్రరీ వెంట వస్తుంది.

అందుకని ఏదో ఒక వైపు ఒకేసారి మొగ్గిపోవద్దు. ఏ గేమ్‌కి ఆ గేమ్, కింది వరుసలో చూసుకోండి.

1. ముందు మీకు ఎంపిక ఉందో లేదో చూడండి

పీసీలో ఆడేవాళ్లకి ఈ ప్రశ్న దాదాపు లేదు. దుకాణంలో పీసీ గేమ్ డబ్బా కొన్నా, లోపల చాలాసార్లు ఒక కోడ్ కాగితమే ఉంటుంది. పీసీలో తేల్చుకోవాల్సింది ఏ స్టోర్‌లో కొనాలన్నదే. దాని సంగతి 6వ మెట్టులో ఉంది.

కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) వాళ్లకి ఎంపిక ఉంది కానీ, డిస్క్ పెట్టే చోటు ఉన్న మోడల్ కొంటేనే. 2024 ఏప్రిల్‌లో పీఎస్5 (ప్లేస్టేషన్ 5) స్లిమ్ మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర 54,990, డిజిటల్ మోడల్ ధర 44,990 రూపాయలు. తేడా పదివేలు. ఆ పదివేలు మిగుల్చుకోవాలా వద్దా అన్నది మీరు గేమ్స్ ఎప్పుడు కొంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకి ఒక కొత్త గేమ్ 5,000 అనుకుందాం. డిస్క్ కొని నెలలో ముగించి 3,000కి అమ్మితే మీకు పడ్డ ఖర్చు 2,000. అదే రోజు డౌన్‌లోడ్‌గా కొంటే మొత్తం 5,000 పోయినట్టే. ఒక్కో గేమ్‌కి మూడు వేల తేడా అంటే నాలుగు గేమ్స్‌కి డిస్క్ మోడల్ తన ఎక్కువ ధరని రాబట్టేస్తుంది. కానీ ఏడాది ఆగి సేల్‌లోనే కొనే అలవాటు మీదైతే, అదే గేమ్ మీకు 2,500కో అంతకన్నా తక్కువకో వస్తుంది. అప్పుడు డిజిటల్ మోడల్‌తో వచ్చే నష్టం చాలా చిన్నది.

స్లిమ్ డిజిటల్ మోడల్‌కి డిస్క్ డ్రైవ్ తరవాత విడిగా తగిలించుకోవచ్చు. అది విడిగా దొరుకుతుందో లేదో, ఎంతకో ముందే కనుక్కోండి. మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ ఉండాలి.

ఇంకో మాట. డిస్క్ ఉంది కదా అని గేమ్ మొత్తం అందులో ఉందనుకోకండి. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమే, మిగతాదంతా డౌన్‌లోడే. నింటెండో స్విచ్ 2కి గేమ్-కీ కార్డులని కొన్ని వస్తాయి. వాటిలో గేమ్ ఉండదు, కార్డు తాళంచెవిలా పనిచేస్తుంది. వాటిని తిరిగి అమ్మొచ్చు గాని, డౌన్‌లోడ్ తప్పదు. అసలు డిస్కే లేకుండా విడుదలయ్యేవీ ఉన్నాయి: అలన్ వేక్ 2 2023 అక్టోబరులో డౌన్‌లోడ్‌గానే వచ్చింది, డిస్క్ రావడానికి ఏడాది పట్టింది.

2. మీ ఇంటర్నెట్‌తో లెక్క వేయండి

స్టోర్ పేజీలో గేమ్ సైజు ఉంటుంది. పెద్ద గేమ్స్ ఇప్పుడు 100 జీబీ దాటడం మామూలే. ప్లాన్ మీద రాసే వేగం ఎంబీపీఎస్‌లో, అంటే బిట్లలో ఉంటుంది. దాన్ని 8తో భాగిస్తే సెకనుకి ఎన్ని ఎంబీలో వస్తుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ. 100 జీబీకి 8,000 సెకన్లు, రెండు గంటల పావు. 40 ఎంబీపీఎస్ అయితే అయిదున్నర గంటలు. ఇవి లైను పూర్తి వేగం ఇచ్చినప్పటి లెక్కలు. వైఫైలో, గోడ అవతల రౌటర్ ఉంటే ఇందులో సగం కూడా రాకపోవచ్చు. పెద్ద డౌన్‌లోడ్ ఉన్న రోజు లాన్ కేబుల్ పెట్టండి.

ఇంటికి వచ్చే ఫైబర్ 'అన్‌లిమిటెడ్' ప్లాన్లకి కూడా పరిమితి ఉంటుంది. చాలావాటికి అది నెలకు సుమారు 3,300 జీబీ, గేమ్స్‌కి సరిపోతుంది. గాలిలోంచి వచ్చే ఎయిర్‌ఫైబర్ కనెక్షన్లకి పరిమితి ఇంకా తక్కువ, మీ ప్లాన్ వివరాల్లో చూసుకోండి. రోజుకి 2 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొస్తున్నవాళ్లకి 100 జీబీ గేమ్ అంటే 50 రోజుల డేటా. అలాంటి చోట, గేమ్ మొత్తం డిస్క్‌లోనే ఉందని తేలితే డిస్కే కొనండి.

నెట్ సరిగా లేని ఊళ్లో ఉండి పీసీలో ఆడేవాళ్లకి ఒక దారి ఉంది. మంచి లైను ఉన్నచోట, మీ అకౌంట్‌తో లాగిన్ అయి గేమ్ దించుకోండి. స్టీమ్‌లో ఆ గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, బ్యాకప్ దాకా వెళ్తే మొత్తం గేమ్‌ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తుంది. ఇంటికొచ్చి స్టీమ్ మెనూలో రిస్టోర్ ఇవ్వండి. ఇక దిగాల్సింది ఆ తరవాత వచ్చిన అప్‌డేట్ ఒక్కటే. ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే అంత శ్రమ కూడా అక్కర్లేదు. 2023 నుంచి స్టీమ్ ఇంట్లోని నెట్‌వర్క్ మీదే ఒకదాన్నుంచి ఇంకోదానికి గేమ్ పంపగలదు, బయటి డేటా ఖర్చవదు.

3. చోటు

ఇది కొనేముందు ఎక్కువమంది మర్చిపోయే ఖర్చు. మొదట వచ్చిన పీఎస్5లో ఎస్ఎస్‌డీ (గేమ్స్ దాచే లోపలి డ్రైవ్) 825 జీబీ, గేమ్స్‌కి మిగిలేది 667. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 512 మోడల్‌లో మిగిలేది 364. అంటే మూడు పెద్ద గేమ్స్‌తో నిండిపోతుంది. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ గేమ్స్‌కి డిస్క్ ఉన్నా ఈ బాధ తప్పదు, ఎందుకంటే డిస్క్ గేమ్ కూడా లోపలికి ఎక్కాకే ఆడుతుంది.

పీఎస్5కి యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెడితే పీఎస్4 గేమ్స్ దాని మీదనుంచే ఆడొచ్చు. పీఎస్5 గేమ్స్‌ని మాత్రం దాని మీద దాచుకోవడమే కుదురుతుంది. ఆడాలంటే లోపలికి కాపీ చేయాలి. అయినా మళ్లీ 100 జీబీ దించుకోవడం కన్నా కాపీ చాలా త్వరగా అయిపోతుంది, నెట్ మందంగా ఉన్న ఇళ్లకి ఇది బాగా పనికొస్తుంది. నేరుగా ఆడాలంటే లోపల ఎం.2 ఎస్ఎస్‌డీ బిగించాలి: పీసీఐఈ జెన్4 రకం, చదివే వేగం సెకనుకి 5,500 ఎంబీ లేదా అంతకన్నా ఎక్కువ, హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) తప్పనిసరి, హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు. ఈ చివరి కొలత చూసుకోకపోతే, బిగించాక పై మూత పట్టదు.

గేమ్ 100 జీబీ కదా అని 105 ఖాళీ ఉంచుకుంటే చాలదు. అప్‌డేట్ వచ్చినప్పుడు పాత ఫైల్స్ పక్కనే కొత్తవి తయారవుతాయి, అయ్యాకే పాతవి తీసేస్తుంది. 5 జీబీ అప్‌డేట్‌కి 'చోటు చాలదు' అని వచ్చేది అందుకే. డ్రైవ్‌లో ఎప్పుడూ కొంత చోటు ఖాళీగా ఉంచండి.

4. అకౌంట్ ఏ దేశానిదో ఇప్పుడే సరిచూసుకోండి

ప్లేస్టేషన్ అకౌంట్ తెరిచినప్పుడు పెట్టిన దేశాన్ని తరవాత మార్చలేరు. అమెరికా అకౌంట్‌కి అమెరికా గిఫ్ట్ కార్డే పడుతుంది, ఇండియా అకౌంట్‌కి ఇండియా కార్డే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య పుట్టినరోజుకని 50 డాలర్ల కార్డు కొని కోడ్ పంపితే, గుంటూరులో తమ్ముడి అకౌంట్‌లో అది చెల్లదు. అలాంటప్పుడు ఇండియా వాలెట్ కోడ్ కొని పంపాలి, లేదా డబ్బే పంపాలి. స్టీమ్‌లో గేమ్‌నే గిఫ్ట్‌గా పంపొచ్చు, కానీ రెండు దేశాల ధరల్లో పెద్ద తేడా ఉంటే ఒప్పుకోదు. స్టీమ్‌లో దేశం మార్చుకోవచ్చు, నిజంగా అక్కడికి మకాం మార్చినప్పుడే. కొత్త దేశపు కార్డుతో డబ్బు కట్టాలి, మూడు నెలలకి ఒక్కసారికి మించి మార్చనివ్వరు.

డబ్బు కట్టడం దగ్గర: స్టీమ్ రూపాయల్లోనే ధర చూపిస్తుంది, యూపీఐ తీసుకుంటుంది. కార్డు తిరస్కరిస్తుంటే ముందు మీ బ్యాంకు యాప్‌లో 'ఇంటర్నేషనల్', 'ఆన్‌లైన్' వాడకం ఆన్‌లో ఉన్నాయో చూడండి. కొత్త కార్డుల్లో అవి మూసే వస్తాయి. ఆన్ చేసి, రోజు పరిమితి తక్కువగా పెట్టుకుని, పని కాగానే ఆపేయండి. పిల్లలు ఆడే కన్సోల్‌లో కార్డు సేవ్ చేయాల్సి వస్తే, చెకౌట్‌లో పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ ఆన్ చేశాకే చేయండి.

5. ధర: ఎప్పుడు, ఎవరి దగ్గర

ఒంటరిగా ఆడే గేమ్ అయితే విడుదల రోజున డౌన్‌లోడ్‌గా కొనకండి. ఇది మేం గట్టిగా చెప్పే మాట. ఆ రోజు ధర అత్యధికం, బగ్గులు కూడా అత్యధికం, తిరిగి అమ్ముకునే వీలు సున్నా. విష్‌లిస్ట్‌లో పెట్టండి, తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. స్టీమ్‌లో పెద్ద సేల్స్ వేసవిలో జూన్ చివర, చలికాలంలో డిసెంబరు చివర వస్తాయి, నడుమ ఇంకా కొన్ని. ఇప్పుడున్న తగ్గింపు నిజంగా మంచిదో కాదో తెలియాలంటే స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆ గేమ్ పాత ధరలు చూడండి. అది మునుపు ఎంతవరకు దిగిందో అక్కడ ఉంటుంది. ఎపిక్ స్టోర్ వారం వారం గురువారం ఉచిత గేమ్ ఇస్తుంది. మన టైములో రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదిన్నరకో మారుతుంది, క్లెయిమ్ చేసుకుంటే అకౌంట్‌లో ఉండిపోతుంది.

ప్లేస్టేషన్ చందా పీఎస్ ప్లస్‌తో వచ్చే నెలవారీ గేమ్స్ అలా కావు. చందా కడుతున్నంత కాలమే తెరుచుకుంటాయి. ఎక్స్‌బాక్స్ చందా గేమ్ పాస్‌లో జాబితానే మారుతుంటుంది, సగం ఆడిన గేమ్ వెళ్లిపోవచ్చు. నెలలో ముగించే గేమ్‌కి చందా లాభం, ఏళ్లపాటు ఆడేదానికి కాదు.

ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో '5,000 గేమ్ 300కే, ఆఫ్‌లైన్ యాక్టివేషన్' అని అమ్మేవాళ్లు. వాళ్లిచ్చేది ఎవరిదో అకౌంట్ లాగిన్. అదే లాగిన్‌ని మరెంతమందికి అమ్మారో మీకు తెలియదు. లోపలికెళ్లి గేమ్ తెరిచి, ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, మళ్లీ ఆన్‌లైన్ చేయొద్దంటారు. విండోస్ మళ్లీ వేసుకున్న రోజో, గేమ్ సర్వర్‌ని మళ్లీ పలకరించాల్సి వచ్చిన రోజో అది ఆగిపోతుంది. అమ్మినవాడు పాస్‌వర్డ్ మార్చినా అంతే. చౌక 'కీ'లు (గేమ్‌ని మీ అకౌంట్‌లో చేర్చే కోడ్‌లు) అమ్మే సైట్లలో కొన్ని కీలు దొంగ కార్డులతో కొన్నవి ఉంటాయి. అసలు కార్డు ఓనరు ఫిర్యాదు చేశాక ఆ కీని రద్దు చేస్తారు, గేమ్ మీ లైబ్రరీలోంచి పోతుంది. బయట కొన్న కీకి స్టీమ్ డబ్బు తిరిగి ఇవ్వదు కూడా.

6. ఉంచుకోవాలనుకున్న గేమ్‌కి స్టోర్ ఎంచుకోవడం

పీసీలో ఒక గేమ్‌ని పదేళ్ల తరవాత కూడా ఆడాలనిపిస్తే ముందు గాగ్ (GOG) అనే స్టోర్‌లో వెతకండి. అక్కడ గేమ్స్ కాపీ చేయనివ్వని తాళం (డీఆర్ఎం) లేకుండా వస్తాయి. మీ లైబ్రరీలో గేమ్ తెరిచి 'ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్' ఫైల్స్ దించుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, రేపు నెట్ లేకపోయినా, అకౌంట్ లేకపోయినా ఇన్‌స్టాల్ అవుతుంది. డిస్క్ కొన్నంత భరోసా డౌన్‌లోడ్‌లో దొరికేది ఇక్కడే. రీఫండ్ గడువు కూడా 30 రోజులు. కానీ కొన్నాక ఇన్‌స్టాలర్ దించుకోకపోతే ఆ ప్రయోజనం చేతికి రానట్టే. కొన్న రోజే దించండి, వీలైతే రెండు చోట్ల పెట్టండి.

స్టీమ్ గేమ్ ఆఫ్‌లైన్‌లో ఆడాలంటే ముందు ఒకసారి ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు దాన్ని తెరిచి మెయిన్ మెనూ దాకా వెళ్లండి, ఆ తరవాతే ఆఫ్‌లైన్ మోడ్‌కి మార్చండి. సెలవులకి ఊరెళ్లే ముందు రోజు రాత్రి ఇది చేసుకోవాలి, రైలెక్కాక కుదరదు.

7. కొన్న రోజు: మొదటి రెండు గంటలు

స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి అడగొచ్చు. ఈ రెండు గంటల్ని వృథా చేయకండి. గేమ్ తెరిచినప్పటి నుంచి గడియారం తిరుగుతూనే ఉంటుంది. ప్రచురణకర్త లాంచర్ (గేమ్‌కి ముందు తెరుచుకునే వాళ్ల సొంత ప్రోగ్రామ్) తెరుచుకుని లాగిన్ అడుగుతున్నంత సేపూ లెక్కే. మొదటిసారి 'షేడర్లు సిద్ధం చేస్తోంది' అని పది ఇరవై నిమిషాలు బార్ కదులుతుందే, అదీ లెక్కే. మెనూలో వదిలేసి అన్నానికి లేస్తే ఆ అరగంట కూడా పోయింది.

కాబట్టి గేమ్ దిగాక వెంటనే తెరవొద్దు. ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి, ఆ లాంచర్‌కి కావాల్సిన అకౌంట్ బ్రౌజర్‌లోనే తెరిచి ఉంచుకోండి. ఆ తరవాత కూర్చుని, మొదటి గంటలో మూడు చూడండి: మీ మానిటర్ రిజల్యూషన్‌లో ఫ్రేమ్ రేటు (సెకనుకి చూపే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉందా, కంట్రోలర్ సరిగ్గా పలుకుతోందా, ఆన్‌లైన్ గేమ్ అయితే మన దగ్గర్నుంచి పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంత వస్తోంది. దగ్గర్లో సర్వర్ లేక పింగ్ 150 దాటే షూటర్ గేమ్‌ని ఎంత తక్కువకి కొన్నా ఆనందం ఉండదు. నచ్చకపోతే హెల్ప్ పేజీలో ఆ గేమ్ ఎంచుకుని రీఫండ్ అడగండి. ఒప్పుకున్నాక వారంలోపు డబ్బు వస్తుంది. కొన్న రెండో రోజే సేల్ వస్తే, రీఫండ్ తీసుకుని తక్కువ ధరకి మళ్లీ కొనొచ్చు. అది దుర్వినియోగం కాదని స్టీమ్ తన నియమాల్లోనే రాసింది.

ప్లేస్టేషన్‌లో ఈ వెసులుబాటు లేదు. 14 రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలైతే చాలు రీఫండ్ హక్కు పోతుంది. అందుకే ప్రీఆర్డర్ చేస్తే ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. కన్సోల్ మీద కాకుండా ఫోన్‌లోని పీఎస్ యాప్‌లో కొని, వీడియోలు, రివ్యూలు చూశాకే దించండి.

8. మూతపడే ప్రమాదాన్ని కొలవడం

ఇక్కడ మూడు వేర్వేరు సంగతులున్నాయి, వాటిని కలిపేయకూడదు. మొదటిది గేమ్‌ని అమ్మకం నుంచి తీసేయడం. ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబరులో తీసేశారు, కొన్నవాళ్లు మాత్రం ఇంకా దించుకోగలరు. రెండోది స్టోర్ మూతపడటం. నింటెండో పాత యంత్రాలు 3డీఎస్, వీ యూల స్టోర్ ఈషాప్‌లో కొనుగోళ్లు 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న ఆగాయి. పాతవి దించుకోవడం అప్పటితో ఆగిపోలేదు గానీ, ఎల్లకాలం ఉంటుందన్న హామీ లేదు. మూడోది అసలు దెబ్బ, సర్వర్ మూసేయడం. 2014లో వచ్చిన ద క్రూ గేమ్‌కి ఒంటరిగా ఆడినా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ దాన్ని ఆపేసింది. డిస్క్ ఉన్నవాళ్లూ ఆడలేకపోయారు.

కొనేముందు స్టోర్ పేజీలో 'ఎల్లప్పుడూ ఇంటర్నెట్ అవసరం' అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే డిస్క్‌కి ఎక్కువ పెట్టినందువల్ల ఆ గేమ్ ఎక్కువ కాలం దక్కదు. చౌకగా ఉన్నప్పుడు డౌన్‌లోడ్ కొనండి, అద్దెకి తీసుకున్నట్టు లెక్కవేయండి. అప్‌డేట్లు కూడా గేమ్‌ని మార్చేయగలవు. 2014లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ స్టీమ్ కాపీలోంచి, హక్కుల గడువు తీరిన పాటలు కొన్ని అప్‌డేట్‌తో తీసేశారు. పాత డిస్క్‌లో అవి అలాగే ఉన్నాయి.

9. ఇంట్లోవాళ్లతో పంచుకోవడం, కన్సోల్ అమ్మడం

స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివాళ్లు ఆరుగురి దాకా చేరొచ్చు. ఒకరి గేమ్ ఇంకొకరు ఆడొచ్చు, కానీ ఒక కాపీని ఒకేసారి ఒక్కరే. స్నేహితుల్ని చేర్చేముందు రెండు నియమాలు చదవండి: మీ కాపీలో వాళ్లు చీటింగ్ చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది. బయటికొచ్చినా, పాత ఫ్యామిలీలో చేరిన రోజు నుంచి ఏడాది గడిచేదాకా ఇంకో ఫ్యామిలీలో చేరలేరు.

పీఎస్5లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్, కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే. ఇది ఆన్‌లో ఉంటే ఆ కన్సోల్ మీద ఎవరి లాగిన్‌తోనైనా మీ గేమ్స్ ఆడొచ్చు, నెట్ లేకపోయినా మీకు తెరుచుకుంటాయి. ఒక అకౌంట్‌కి ఒక పీఎస్5 మీదే ఆన్ అవుతుంది. కన్సోల్ అమ్మేటప్పుడు ముందు ఇక్కడ ఆఫ్ చేసి, ఆ తరవాతే ఫ్యాక్టరీ రీసెట్ ఇవ్వండి. మర్చిపోయి అమ్మేస్తే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి అన్ని కన్సోల్స్‌నీ ఒకేసారి డీయాక్టివేట్ చేయొచ్చు, కానీ ఆ అవకాశం ఆరు నెలలకి ఒక్కసారే. సెకండ్‌హ్యాండ్‌లో కన్సోల్ కొంటున్నవాళ్లు 'నలభై గేమ్స్ ఫ్రీ' అన్న మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఆ గేమ్స్ అమ్మినవాళ్ల అకౌంట్‌వి, వాళ్లు డీయాక్టివేట్ చేసిన రోజున మీ టీవీ మీద అన్నిటికీ తాళం గుర్తు పడుతుంది.